లోపం – నమ్మకం

కుండను కొనేవాడు దానిని వేలితో తట్టి, మోగే ధ్వనిని బట్టి పగులు ఉన్నదీ లేనిదీ తెలుసుకుంటాడు. బట్టను కొనేవాడు దానిని వెలుతురుకు ఎత్తి నేతను పరీక్షించుకుంటాడు. కాని కంప్యూటరునో, సెల్‌ఫోనునో కొనేవానికి ఇటువంటి పరీక్ష ఏదీ అందుబాటులో లేదు. గోటి పరిమాణంలో ఉండే సిలికాన్ ముక్కలో లక్షల కొలదిగా, కోట్ల కొలదిగా అమరి ఉండే సూక్ష్మభాగాలలో ఏది సరిగా పనిచేస్తున్నదో, ఏది పనిచేయడం లేదో కంటికి కనపడదు, చెవికి వినపడదు. అందుచేత సాంకేతిక వస్తువును కొనడమంటే తయారీదారు మాటను నమ్మి కొనడమే. అటువంటి వస్తువులో లోపం బయటపడినప్పుడు, వస్తువుతో పాటు ఆ మాట కూడా పరీక్షకు నిలుస్తుంది.

లోపం లేని యంత్రం ఉండదని ఇంజనీర్లకు తెలుసు. కొంచెం ఆలోచిస్తే వినియోగదారులకూ తెలుసు. అయినా లోపాలు బయటపడిన సందర్భాలలో కొన్ని సంస్థలు ప్రజాభిమానాన్ని పోగొట్టుకున్నాయి. మరికొన్ని దానిని నిలుపుకున్నాయి. లోపం పెద్దదైతే అభిమానం ఎక్కువగాను, చిన్నదైతే తక్కువగాను పోతుందనుకోవడం సహజం. వాస్తవం అలా లేదు. అతి స్వల్పమైన లోపం ఒక మహాసంస్థను ఏ విధంగా తలవంచుకొనేటట్లు చేసిందో తెలుసుకోవడానికి 1994లో అమెరికాలో జరిగిన పెంటియం ఉదంతాన్ని పరిశీలించాలి.

ఇంటెల్ సంస్థ 1993 మార్చిలో పెంటియం అనే ప్రాసెసర్‌ను విడుదల చేసింది. అందులో సుమారు 31 లక్షల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. భాగహారం మరింత వేగంగా జరగడానికి ఇంజనీర్లు ఇందులో ఒక కొత్త పద్ధతిని ప్రవేశపెట్టారు. చిన్నపిల్లలు ఎక్కాల పుస్తకాన్ని ఎదురుగా పెట్టుకొని భాగహారం చేసినట్లే, ఈ చిప్పు కూడా తనలో ముద్రితమై ఉన్న ఒక పట్టికను చూసి భాగఫలంలోని తరువాతి అంకెను ఎన్నుకుంటుంది. ఇంటెల్ ఇచ్చిన వివరణ ప్రకారం ఆ పట్టికలో 1,066 గడులలో విలువలు ఉండవలసి ఉండగా, పొరపాటున ఐదు గడులు ఖాళీగా మిగిలిపోయాయి. (ఖాళీ గడులు నిజానికి పదహారని, అయితే లెక్కను చెడగొట్టగలిగినవి వాటిలో ఐదేనని ముప్పై ఏళ్ల తరువాత, 2024లో, చిప్పును సూక్ష్మదర్శినితో పరిశీలించినప్పుడు తేలింది.) భాగహారం ఆ గడుల దాకా వెళ్లడం అరుదు. వెళ్లినప్పుడు మాత్రం జవాబు తప్పుతుంది. 41,95,835ను 31,45,727తో భాగిస్తే 1.333820449 రావాలి. పెంటియం ఇచ్చిన జవాబు 1.333739068. నాలుగో దశాంశస్థానం నుండే తేడా కనిపిస్తుంది.

ఈ లోపాన్ని లోకానికి తెలియజేసిన వ్యక్తి వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్ కళాశాలలో గణితాచార్యులుగా ఉన్న థామస్ నైస్లీ. కవల ప్రధాన సంఖ్యల వ్యుత్క్రమాలను కూడుతూ వచ్చిన ఆయనకు 1994 జూన్‌లో లెక్కలు పొసగడం లేదని తెలిసింది. చిప్పును అనుమానించాలని ఆయనకు మొదట తోచలేదు. తప్పు తన ప్రోగ్రాములోనే ఉందేమోనని, యంత్రంలోని ఇతర భాగాలలో ఉందేమోనని నెలల తరబడి వెదికారు. ఇది గమనింపదగిన విషయం. నమ్మకం గల వినియోగదారుడు మొదట తనను తాను శంకించుకుంటాడే గాని సంస్థను శంకించడు. అన్ని కారణాలనూ తోసిపుచ్చిన తరువాత, అక్టోబర్ 24న ఆయన ఇంటెల్ సంస్థకు విషయాన్ని తెలియజేశారు. తృప్తికరమైన సమాధానం రాకపోవడంతో అక్టోబర్ 30న తనకు తెలిసిన కొందరికి ఈమెయిల్ ద్వారా వివరాలను పంపి, వారి యంత్రాలలో కూడా సరిచూడవలసిందిగా కోరారు. కొద్ది రోజులలోనే ఆ వార్త అంతర్జాలంలో వ్యాపించింది.

నైస్లీ చెప్పిన సంగతి ఇంటెల్‌కు కొత్తది కాదు. ఆ ఏడాది వేసవిలోనే సంస్థ ఇంజనీర్లు లోపాన్ని కనుగొన్నారు. ఇకముందు తయారయ్యే చిప్పులలో దానిని సరిదిద్దే పని కూడా మొదలుపెట్టారు. అప్పటికే అమ్ముడుపోయిన లక్షలాది చిప్పుల విషయంలో మాత్రం మౌనం వహించారు. విషయం బయటపడిన తరువాత సంస్థ తన లెక్కను ప్రజల ముందుంచింది. యాదృచ్ఛికంగా తీసుకొన్న 900 కోట్ల భాగహారాలలో ఒక్కటి మాత్రమే తప్పుతుంది; సామాన్యంగా స్ప్రెడ్‌షీట్లు వాడుకొనే వ్యక్తికి ఈ లోపం 27,000 సంవత్సరాలకు ఒకసారి ఎదురవుతుంది. కనుక భారీ గణనలు చేసే శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు మొదలైనవారికి మాత్రమే చిప్పును మార్చి ఇస్తామని ప్రకటించింది. మార్పిడి కోరుతూ ఫోన్ చేసినవారిని సంస్థ ప్రతినిధులు మీరు ఏం పని చేస్తారని, ఏ లెక్కలకు యంత్రాన్ని వాడుతారని ప్రశ్నించారు. వారి జవాబును బట్టి అవసరమున్నదీ లేనిదీ నిర్ణయించారు.

ఇక్కడే వ్యవహారం చెడింది. సంస్థ వేసిన లెక్క బహుశా చాలామంది విషయంలో సరైనదే. ఇంట్లో ఉత్తరాలు రాసుకొనేవారికి, ఆటలు ఆడుకొనేవారికి ఆ లోపం వల్ల నష్టం జరిగే అవకాశం దాదాపు లేదు. కాని డబ్బిచ్చి కొన్నవాడు తనకు లోపం లేని వస్తువు అవసరమని నిరూపించుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. లోపం సంస్థది, సంజాయిషీ చెప్పుకోవలసినవాడు వినియోగదారుడు. ఇది ఎవరికైనా అవమానకరంగా తోస్తుంది. తూకంలో తేడా వచ్చిందని చెప్పిన వానితో దుకాణదారుడు, ఆ పప్పుతో ఎంతమందికి వండుతావో చెప్పు, అవసరమైతే మిగతాది ఇస్తానని అన్నట్లుగా ఉంది ఆ వైఖరి.

నవంబర్ 22న సి.ఎన్.ఎన్. టెలివిజన్ ఈ వార్తను ప్రసారం చేయడంతో గణితశాస్త్రంతో సంబంధం లేని సామాన్యులకు కూడా విషయం తెలిసింది. పెంటియం చేసే కూడికల మీద హాస్యోక్తులు దేశమంతటా పుట్టుకొచ్చాయి. డిసెంబర్ 12న ఐ.బి.ఎం. సంస్థ పెంటియం ఆధారిత కంప్యూటర్ల సరఫరాను నిలిపివేసి, తన లెక్క ప్రకారం లోపం 24 రోజులకొకసారి ఎదురు కావచ్చునని ప్రకటించింది. 27,000 సంవత్సరాలకు, 24 రోజులకు పొంతన ఎక్కడ? రెండు సంస్థలూ తమకు అనుకూలమైన ఊహలతో లెక్కలు వేసుకున్నాయి. ఐ.బి.ఎం. ఆ రోజులలో ఇతర సంస్థలతో కలిసి పోటీ ప్రాసెసర్‌ను తయారుచేస్తున్నదన్న సంగతిని కూడా మరువరాదు. కాని సామాన్యునికి ఆ తర్కంతో పని లేదు. ఇంటెల్ చెప్పిన సంఖ్యను నమ్మడానికి అతడు అప్పటికే సిద్ధంగా లేడు.

డిసెంబర్ 20న ఇంటెల్ తన విధానాన్ని మార్చుకుంది. క్షమాపణ చెప్పి, కోరినవారందరికీ ఏ ప్రశ్నలూ అడగకుండా చిప్పును మార్చి ఇస్తామని ప్రకటించింది. ఇందుకుగాను 47.5 కోట్ల డాలర్ల వ్యయాన్ని తన పద్దులలో చూపవలసి వచ్చింది. ఆనాటి ప్రధాన కార్యనిర్వాహకుడు ఆండ్రూ గ్రోవ్ 1996లో ప్రచురించిన తన గ్రంథంలో, అది సంస్థ ఆరు నెలల పాటు పరిశోధనకు వెచ్చించే ధనంతో, లేదా పెంటియం ప్రచారానికి ఐదేళ్లపాటు అయ్యే ఖర్చుతో సమానమని పేర్కొన్నారు. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఆ తరువాత జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. మార్పిడి హక్కు అందరికీ లభించిన తరువాత, ఇళ్లలో కంప్యూటర్లు వాడేవారిలో చాలా కొద్దిమందే దానిని ఉపయోగించుకున్నారు. వారిలో అధికులు కోరుకున్నది కొత్త చిప్పును కాదు. మార్చుకోవాలా వద్దా అని తామే నిర్ణయించుకొనే అధికారాన్ని.

ఇంటెల్ వంటి సంస్థ ఈ చిన్న విషయాన్ని ఎందుకు గ్రహించలేకపోయింది? గ్రోవ్ ఇచ్చిన సమాధానంలో నిజాయితీ ఉంది. అంతవరకు ఆ సంస్థకు తెలిసిన వినియోగదారులు కంప్యూటర్లను తయారుచేసే కంపెనీలే. వారితో వ్యవహారమంతా ఇంజనీర్ల మధ్య, అంకెల భాషలో సాగేది. అయితే 1991 నుండి సంస్థ తన పేరును ప్రతి కంప్యూటరు పెట్టె మీద అంటించి, లోపల ఉన్నది తన చిప్పేనని సామాన్య ప్రజలకు నేరుగా చాటుకుంటూ వచ్చింది. ప్రజలు ఆ ప్రచారాన్ని నమ్మారు. నమ్మారు కనుకనే చిప్పులో లోపమని తెలియగానే కంప్యూటరు అమ్మిన దుకాణానికి కాక నేరుగా ఇంటెల్‌కు ఫోన్ చేశారు. పేరును ఇంటింటికీ చేర్చిన సంస్థ, ఆ పేరుతో పాటు బాధ్యత కూడా ఇంటింటికీ చేరిందని గుర్తించలేదు.

ఈ దెబ్బతో ఇంటెల్ కూలిపోలేదు. 1994లో 1,150 కోట్ల డాలర్లుగా ఉన్న దాని రాబడి 1995లో 1,620 కోట్ల డాలర్లకు పెరిగింది. 1997 నవంబర్‌లో పెంటియంలో మరొక లోపం బయటపడింది. ఒకే ఒక్క ఆదేశంతో యంత్రం పూర్తిగా స్తంభించిపోయే ఆ లోపం ఒక విధంగా మొదటి దానికంటే తీవ్రమైనది. ఈసారి సంస్థ వెంటనే లోపాన్ని అంగీకరించి, ఆపరేటింగ్ సిస్టమ్‌లను రూపొందించేవారితో కలిసి దానిని అధిగమించే మార్గాన్ని చూపింది. పెద్దగా అలజడి రేగలేదు. అయితే 1995 నాటి రాబడిని చూసి ప్రజల నమ్మకం పూర్తిగా తిరిగివచ్చిందని తీర్మానించడం తొందరపాటు. ఆనాడు వ్యక్తిగత కంప్యూటరు కొనదలచినవారికి ఇంటెల్‌ను కాదని వెళ్లగల మార్గాలు చాలా తక్కువ.

వెళ్లే దారి లేక ఉండిపోవడం వేరు, అభిమానంతో ఉండిపోవడం వేరు. ఈ భేదాన్ని ఆర్థిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన ఒక గ్రంథంలో విశదీకరించారు. వస్తువు పట్ల అసంతృప్తి కలిగినవాని ముందు రెండు దారులు ఉంటాయి. ఒకటి నిశ్శబ్దంగా మరొక దుకాణానికి వెళ్లిపోవడం. రెండవది నోరు విప్పి ఫిర్యాదు చేయడం. అభిమానం ఉన్నవాడు వెంటనే వెళ్లిపోడు. సంస్థ బాగుపడుతుందన్న ఆశతో ముందు ఫిర్యాదు చేస్తాడు. ఈ దృష్టితో చూస్తే ఫిర్యాదుదారుడు శత్రువు కాడు. తలుపు దగ్గర నిలబడి, ఇంకా లోపలికే చూస్తున్న మిత్రుడు. నైస్లీ మొదట ఇంటెల్‌కే విన్నవించారు. ఆ ఆరు రోజులలో ఎవరైనా శ్రద్ధగా బదులిచ్చి ఉంటే చరిత్ర మరొక విధంగా ఉండేదేమో.

భారతదేశానికి దగ్గరి ఉదాహరణ నోకియా బ్యాటరీలది. 2003లో వచ్చిన నోకియా 1100 ఫోను టార్చిలైటుతో, దుమ్ము చొరని కీప్యాడ్‌తో మన దేశపు పల్లెలలోకి విస్తరించింది. రాత్రివేళ పొలానికి నీరు పెట్టడానికి వెళ్లే రైతుకు అది ఫోనూ, దీపమూ కూడా. అందులోను, నోకియావే మరెన్నో ఫోన్లలోను వాడే బ్యాటరీ పేరు బి.ఎల్.-5సి. 2007 ఆగస్టు 14న నోకియా ఒక హెచ్చరిక జారీ చేసింది. 2005 డిసెంబర్, 2006 నవంబర్ నెలల మధ్య జపానుకు చెందిన మత్సుషిత సంస్థ తయారుచేసిన 4.6 కోట్ల బ్యాటరీలు ఛార్జింగు సమయంలో వేడెక్కే అవకాశం ఉన్నదని, ప్రపంచవ్యాప్తంగా అటువంటి ఘటనలు సుమారు వంద జరిగాయని, తీవ్రమైన గాయాలు ఎవరికీ కాలేదని తెలిపింది. 4.6 కోట్లలో వంద అంటే ఎంత? ఇంటెల్ వేసినటువంటి లెక్కను నోకియా కూడా వేయగలిగేదే.

కాని నోకియా ఆ లెక్కను అడ్డుపెట్టుకోలేదు. బ్యాటరీ వెనుక ముద్రించిన సంఖ్యను వెబ్‌సైటులోనో, ఫోన్ ద్వారానో సరిచూసుకొని, అనుమానిత జాబితాలో ఉంటే ఉచితంగా మార్చుకోవలసిందిగా కోరింది. మన నగరాలలో సేవాకేంద్రాల ఎదుట జనం బారులు తీరారు. పుకార్లు కూడా రేగకపోలేదు. రద్దీని తట్టుకోలేక సిబ్బంది ఇబ్బంది పడిన మాట నిజమే. అయినా ఇంటెల్ ప్రతినిధి అడిగిన ప్రశ్నకు, నోకియా ప్రతినిధి అడిగిన ప్రశ్నకు గల తేడా స్పష్టం. ఒకరు మీరు ఏం పని చేస్తారని అడిగారు. మరొకరు మీ బ్యాటరీ సంఖ్య ఎంత అని అడిగారు. మొదటిది మనిషికి పెట్టిన పరీక్ష. రెండవది వస్తువుకు పెట్టిన పరీక్ష.

వేగంగా స్పందించినంత మాత్రాన సరిపోదని శామ్‌సంగ్ అనుభవం తెలుపుతుంది. 2016 ఆగస్టులో విడుదలైన గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కొన్ని మంటలకు గురికాగా, సెప్టెంబర్ 2న సంస్థ 25 లక్షల ఫోన్లను వెనక్కు తీసుకుంటామని ప్రకటించింది. చూడడానికి ఇది ఆదర్శప్రాయమైన నిర్ణయమే. కాని అసలు కారణాన్ని పూర్తిగా కనుగొనకముందే మరొక సంస్థ తయారుచేసిన బ్యాటరీలు అమర్చి ఫోన్లను మార్చి ఇచ్చారు. వాటిలోనూ కొన్ని అంటుకున్నాయి. నమ్మి రెండవసారి తీసుకొన్నవాడు రెండింతలు మోసపోయినట్లు భావించడంలో ఆశ్చర్యం లేదు. అక్టోబర్‌లో ఆ ఫోను ఉత్పత్తినే నిలిపివేయవలసి వచ్చింది. 2017 జనవరిలో సంస్థ రెండు రకాల బ్యాటరీలలోని వేర్వేరు లోపాలను బహిరంగంగా వివరించి, ఇకముందు జరపబోయే పరీక్షలను ప్రకటించిన తరువాతనే పరిస్థితి చక్కబడింది.

ఆపిల్ విషయంలో చిక్కు మరొక రకం. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా ఉండడానికి సంస్థ సాఫ్ట్‌వేర్ ద్వారా వాటి వేగాన్ని తగ్గించింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని ఆ సంగతిని వినియోగదారులకు తేటతెల్లంగా చెప్పలేదు. 2017 డిసెంబర్‌లో విషయం వెల్లడి కావడంతో, కొత్త ఫోను కొనిపించడానికే పాతదానిని మందగింపజేశారన్న అనుమానం బలపడింది. సంస్థ క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుండి 29 డాలర్లకు తగ్గించింది. అమెరికాలో దాఖలైన వ్యాజ్యాల పరిష్కారానికి 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి 2020లో అంగీకరించింది. ముందుగా ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఖర్చు కాని ధనమది.

లోపం ఎదురై, అది చక్కగా సరిదిద్దబడితే, అసలు లోపమే ఎదురుకాని వానికంటే ఆ వినియోగదారునికి సంస్థపై అభిమానం పెరుగుతుందనే వాదం వాణిజ్యశాస్త్రంలో ఒకటి ఉంది. దీనిపై జరిగిన పరిశోధనలు ఒకే ఫలితాన్ని ఇవ్వలేదు. సంతృప్తి పెరిగినంత మాత్రాన మళ్లీ కొనుగోలు చేస్తారన్న నిశ్చయం లేదు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని పెద్దలు అననే అన్నారు.

చట్టం కూడా తన వంతు పాత్ర వహిస్తున్నది. మన దేశంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం, లోపభూయిష్టమైన వస్తువు వల్ల హాని కలిగితే తయారీదారుని బాధ్యుణ్ణి చేసే నిబంధనలను ప్రత్యేకంగా చేర్చింది. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కు తీసుకోవలసిందిగా ఆదేశించే అధికారాన్ని కేంద్ర ప్రాధికార సంస్థకు కల్పించింది. చట్టం నష్టపరిహారాన్ని ఇప్పించగలదు. అదే సంస్థ ఫోనును మళ్లీ కొనాలన్న కోరికను మాత్రం ఇప్పించలేదు.

బ్యాటరీల విషయంలో మాట నిలుపుకొన్న నోకియా కూడా ఆ అభిమానంతోనే కలకాలం నిలవలేదు. తాకుతెర ఫోన్లు వచ్చిన తరువాత దాని పరికరాలు వెనుకబడిపోయాయి. 2013లో తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మడానికి ఒప్పుకొని, 2014 ఏప్రిల్‌లో అప్పగించింది. లోపాన్ని సరిదిద్దినందుకు కలిగిన కృతజ్ఞత వినియోగదారుణ్ణి ఒకటి రెండు కొనుగోళ్ల దాకా పట్టి ఉంచగలదు గాని, మెరుగైన వస్తువు పక్క దుకాణంలో కనిపిస్తున్నప్పుడు ఎల్లకాలమూ కట్టి ఉంచలేదు. పాత 1100 ఫోనును మాత్రం కొందరు ఇళ్లలో పారవేయకుండా చాలా కాలం దాచుకున్నారు. కరెంటు పోయినప్పుడు దాని దీపం పనికివచ్చేది.

కఠిన పదాలు – అర్థాలు

ఉదంతం : జరిగిన సంగతి, వృత్తాంతం
వ్యుత్క్రమం : ఒకటిని ఆ సంఖ్యతో భాగించగా వచ్చేది
యాదృచ్ఛికంగా : అనుకోకుండా, ఏరుకోకుండా
సంజాయిషీ : తన ప్రవర్తనకు ఇచ్చుకొనే వివరణ
పొంతన : పొత్తు, సరిపోలిక
వ్యాజ్యం : న్యాయస్థానంలో వేసిన దావా
లోపభూయిష్టం : లోపాలతో నిండినది

ప్రశ్నలు

1. పెంటియం చిప్పులోని లోపానికి కారణమేమి? అది ఏ విధంగా బయటపడింది?
2. ఇంటెల్ వేసిన లెక్క చాలామంది విషయంలో సరైనదే అయినా ప్రజలు ఎందుకు ఆగ్రహించారు?
3. ఇంటెల్, నోకియా సంస్థల ప్రతినిధులు అడిగిన ప్రశ్నలలో గల భేదాన్ని వివరించండి.
4. “ఫిర్యాదుదారుడు శత్రువు కాడు.” ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
5. మీ ఇంట్లో కొన్న ఒక వస్తువులో లోపం ఉన్నదని భావించి, తయారీ సంస్థకు ఒక లేఖ రాయండి.